నలభై ఒకటో నంబరు స్టిక్కరు

అక్టోబరు 9, బుధవారం

మూడు వారాల కిందట లారీ ఎక్కించిన పెట్టెలు ఈ రోజు పొద్దున తిరిగొచ్చి ఫ్యాక్టరీలో మా టేబులు దగ్గర కూర్చుని ఉన్నాయి. ఏడు పెట్టెలు. రెండు వందల పద్నాలుగు తీగల కట్టలు. బస్సుల వెనక దీపాలకి వెళ్ళేవి.

ఒక్కో కట్ట చివర ఆరు గళ్ళ కనెక్టరు ఉంటుంది. అన్నింటిలోనూ తీగలు తారుమారయ్యాయి. ఒకటో గడిలో ఉండాల్సింది ఆరులో, రెండోది అయిదులో, మూడోది నాలుగులో. బస్సులు కట్టే చోట బిగించి చూస్తే, బ్రేకు తొక్కినప్పుడు రివర్సు దీపం వెలిగిందట. నయం, ఏ బస్సూ ఇంకా రోడ్డెక్కలేదు.

షిఫ్టు మాస్టరు రాంకో ఒక కట్టని చచ్చిన ఎలుకలా తోకపట్టుకుని ఎత్తి చూపించారు. పళ్ళ మధ్య పుల్ల అలాగే ఉంది. ఆయన పుల్ల తీయకుండానే మాట్లాడతారు, తుంపర్లు మన మీద పడతాయి.

"ఇది గుడ్డివాడి పని కాదు. గుడ్డివాడైతే తడిమి చూసుకునేవాడు," అన్నారు.

కనెక్టరుని ముందు వైపునుంచి చూస్తూ నింపారు, అదీ జరిగింది. మాకిచ్చే బొమ్మ గీసింది తీగ దూర్చే వైపునుంచి. అటు తిప్పి చదివితే ఒకటి ఆరవుతుంది. మొదటి వారంలో నేర్పే పాఠం ఇది. చేసినవాళ్ళకి బుర్ర ఎక్కడుందో. చూస్తుంటే రోత పుట్టింది.

ప్రతి కట్టకీ చేసినవాళ్ళ నంబరు స్టిక్కరు ఉంటుంది. అన్నింటి మీదా 41. అది జివ్కా పిన్నిది, నాకు పని నేర్పే ఆవిడది. స్కూలునుంచి ప్రాక్టీసుకి వచ్చే మాకు నంబరుండదు, నేర్పేవాళ్ళ నంబరు కిందే మా పని వెళ్తుంది. ఇది అందరికీ తెలిసిందే.

పిన్ని ఒక కట్టని చేతిలోకి తీసుకుని, కనెక్టరు మెడ దగ్గర చుట్టిన నల్ల టేపు మీద బొటనవేలు ఒకసారి అటూ ఇటూ రాసింది. తర్వాత సూది నా చేతికిచ్చి, "రా నాన్నా, తీయడం నేర్చుకుందువు గాని," అంది. ఆవిడ నన్ను నాన్నా అంటుంది, ఆడపిల్లనైనా.

సూదికి రెండు కొనలుంటాయి. దాన్ని ముందునుంచి గడిలోకి దూర్చాలి. లోపల తీగ చివరుండే పిన్నుకి రేకుతో చేసిన చిన్న నాలుక ఉంటుంది. అది ప్లాస్టిక్కు అంచుకి అడ్డంపడి పిన్నుని పట్టుకుంటుంది. నేను సూది గుచ్చి తీగని బలంగా లాగాను. రాలేదు.

"లాగకు. ముందు లోపలికి నెట్టు," అంది పిన్ని. "పట్టు వదిలించాలంటే ముందు కొంచెం దాని దారిలో పోనివ్వాలి. ఆ, ఇప్పుడు నాలుక అణచు. ఇప్పుడు రమ్మను."

వచ్చింది. దంతవైద్యుడి చేతిలో పన్ను ఊడినట్టు, మెత్తగా, అసహ్యంగా వచ్చింది. బయటికొచ్చిన పిన్నుకి నాలుక పడుకుని ఉంటుంది. బ్లేడు మొనతో దాన్ని వెంట్రుకవాసి లేపాలి. సరైన గడిలో దూర్చి టిక్కుమనే చప్పుడు వినాలి. ఆ తర్వాత ఒకసారి లాగి చూడాలి. రెండోసారి అణచాల్సి వచ్చిన నాలుక ఇక నిలవదు, ఆ పిన్ను చెత్తలోకే.

కట్టకి ఆరు చొప్పున ఎన్నయితే అన్ని పిన్నులు. పన్నెండు వందల ఎనభై నాలుగు.

ఇవన్నీ స్కూలు ఇచ్చిన ప్రాక్టీసు పుస్తకంలో రాయడానికి కుదరదు. అందులో రోజూ ఏం చేశామో నాలుగు వాక్యాలు రాసి పిన్ని చేత సంతకం పెట్టించుకోవాలి. మిగిలినది రాసుకోవడానికి ఈ డైరీ కొనుక్కున్నాను. వెనక పేజీల్లో మాటలు దాచుకుంటున్నాను. ఈ రోజువి: వెగటు, రోత, ఏవగింపు. మూడూ ఒకటి కావు. వెగటు నోటికి సంబంధించింది. రోత కంటికి. ఏవగింపు ఒంటిమీద పాకుతుంది.

అక్టోబరు 10, గురువారం

టేపు జిగురు గోళ్ళ కిందనుంచి పోవడం లేదు. సబ్బు, నూనె, నిమ్మచెక్క అన్నీ అయ్యాయి. ఆ వేళ్ళతో రొట్టె తినలేక ఫోర్కుతో తిన్నాను. అమ్మ వింతగా చూసింది.

అక్టోబరు 11, శుక్రవారం

క్యాంటీన్లో మళ్ళీ చిక్కుడు గింజల పులుసు. పైన కొవ్వు తెట్టు కట్టి ఉంది. దాన్ని చెంచాతో పక్కకి తోస్తే మళ్ళీ వచ్చి కమ్ముకుంటుంది.

ఎదురు బల్లమీద గోర్దానా. ఆవిడది మా పక్క టేబులు, నోరు మాత్రం అన్ని టేబుళ్ళకీ అందుతుంది.

"ఏమే జివ్కా, ఇరవై ఏళ్ళు బట్టల మిల్లులో ఉండొచ్చావు, ఇక్కడికొచ్చాక ముందేదో వెనకేదో తెలియకుండా పోయిందా? పొద్దున్నే లంగా కూడా తిప్పి తొడుక్కుంటున్నావేమో చూసుకో."

"చూసుకున్నానే. పొరపాటున నీది తొడుక్కున్నాను. ఇంకో మనిషి కూడా పట్టేట్టుంది," అంది పిన్ని, రొట్టె తుంచుకుంటూ.

బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. గోర్దానా నావైపు తిరిగి, "నువ్వు నవ్వు చదువులమ్మా, నీ గురువుగారు నెలాఖరుకి ఇంటికెళ్తుంది, తర్వాత నీకు నేను నేర్పుతాను," అంది. ఆవిడ పంటిమీద చిక్కుడు తొక్క అంటుకుని ఉంది. కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఇతరుల కష్టాన్ని అలా నములుతూ మాట్లాడేవాళ్ళంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

విషయం నిజమే. పిన్ని రెండేళ్ళ ఒప్పందం ఈ 31న అయిపోతుంది. పర్మనెంటు చేయాలి, లేదంటే పంపేయాలి. ఆవిడకి యాభై నాలుగు. ఈ వయసులో మా ఊరు లెస్కొవాత్స్‌లో ఆవిడని పనిలోకి తీసుకునేవాళ్ళెవరూ లేరు. తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసివ్వాలని, వచ్చే శుక్రవారం సంతకం అని రాంకో మాస్టరు చెప్పారు. ఆ కాగితం ఉంటే పర్మనెంటు మాట ఇక ఉండదు.

మధ్యాహ్నం ఆయన నన్ను పక్కకి పిలిచారు.

"నీ భాష బాగుంటుందని మీ టీచరు చెప్పింది. ఆ కాగితం నువ్వు రాసిపెట్టు. ఒక్క పేజీ. జివ్కా చెప్తున్నట్టే ఉండాలి. ఆవిడ చేత రాయిస్తే కొన్నవాళ్ళ ముందు నేను నవ్వులపాలవుతాను."

నాకు చెవులు వేడెక్కాయి. సంతోషంతో. అది కూడా రాయాలి కదా. ఇంతవరకూ ఎవరూ నన్ను ఏదీ రాసిపెట్టమని అడగలేదు.

ఇంకొకటి. పిన్ని నన్ను టేపు విప్పనివ్వడం లేదు. "టేపు నేను చూసుకుంటాను, నువ్వు సూది పట్టుకో," అంటుంది. పెట్టె తెరిచేదీ ఆవిడే, మెడ దగ్గర టేపు విప్పి ఉండ చుట్టేదీ ఆవిడే. అలా అయితే పని త్వరగా అవుతుంది కాబట్టి.

అక్టోబరు 13, ఆదివారం

పొద్దుటినుంచి పెరట్లో మిరపకాయలు కాల్చాం. అరవై కిలోలు. సందులో అందరి పెరళ్ళలోనూ అదే పొగ. కాలిన తొక్క వేళ్ళకి తడితోలులా అంటుకుంటుంది. మామూలుగా నాకు ఈ వాసన ఇష్టం. ఈ రోజు ప్రతి కాయా ఒలిచాక వెళ్ళి చేతులు కడుక్కున్నాను.

సాయంత్రం అమ్మ ఆ కాయలతో చేసిన ఐవార్ పచ్చడి సీసాల్లో నింపుతుంటే నేను పైన పల్చటి కాగితం కప్పి, మెడ చుట్టూ దారం చుట్టి ముడేశాను. తను కొన్ని కట్టింది, నేను కొన్ని. అన్నీ ఒకే అరలో పెట్టాక అమ్మ వేలితో చూపించింది.

"ఇది నువ్వు కట్టింది. ఇదీ నువ్వే. ఇది నేను."

"ఎలా తెలుసు?"

"ఎలా తెలియడమేమిటి? నీ దారం అటునుంచి తిరుగుతుంది. ఎడమచేతి దాన్ని కన్నందుకు నాకా మాత్రం తెలియదా? ఊళ్ళో ఎవరింట్లో పెట్టినా నీ సీసా గుర్తుపడతాను."

తలనొప్పిగా ఉందని లోపలికొచ్చేశాను. పొగ వల్ల.

అక్టోబరు 14, సోమవారం

స్కూలు. చరిత్ర క్లాసులో డెస్కు కింద పెట్టుకుని కాగితం పూర్తి చేశాను. మూడుసార్లు తిరగరాశాను. మొదట "అజాగ్రత్త" అని రాశాను. అది కొట్టినట్టుంది. "ఏమరుపాటు" అని మార్చాను. దాని ముందు "దీర్ఘకాలిక అలసట వల్ల కలిగిన" అని చేర్చాను. ఇలా రాస్తే చదివేవాళ్ళకి జివ్కా పిన్నిమీద జాలి కలుగుతుంది. ఆవిడకి ఇంతకన్నా మేలు ఎవరూ చేయలేరు.

చివరి వాక్యం చాలా బాగా వచ్చింది: "రెండు వందల పద్నాలుగు కట్టలకీ పూర్తి బాధ్యత నాదే."

తప్పు జరిగిన తేదీ దగ్గర ఖాళీ వదిలాను. అది ఏ రోజో నాకు సరిగ్గా గుర్తులేదు.

అక్టోబరు 15, మంగళవారం

ప్రాక్టీసు పుస్తకం సంచిలోనే ఉంది. తీయలేదు.

అక్టోబరు 16, బుధవారం

కాగితం రాంకో మాస్టరుకి ఇచ్చాను. చదువుతూ పుల్లని నోట్లో ఒక మూలనుంచి ఇంకో మూలకి తోశారు. "ఏమరుపాటు. మంచి మాట," అన్నారు. నా వీపు తట్టారు. ఆ చెయ్యి పడిన చోట చొక్కా మార్చుకోవాలనిపించింది.

తర్వాత జరిగింది రాస్తాను.

చేతులు కడుక్కుని టేబులు దగ్గరికి వెనకనుంచి వెళ్ళాను. పిన్ని నన్ను చూడలేదు. పెట్టెలోంచి కొత్త కట్ట తీసింది. టేపు అంచు గోటితో లేపి, విప్పి, ఉండచేసి, చెత్తబుట్టలోకి కాదు, ఏప్రను జేబులోకి తోసింది. జేబు అప్పటికే ఉబ్బి ఉంది. నేను పిన్నులు మార్చి ఇచ్చిన కట్టలు ఎడమపక్క ఉన్నాయి. వాటికి కొత్త టేపు చుట్టింది, కుడిచేత్తో, అందరూ చుట్టినట్టే.

"పిన్నీ, పాత టేపు చెత్తలో వేయొచ్చు కదా," అన్నాను.

ఉలిక్కిపడింది. తర్వాత నవ్వింది. "మా ఆయనకి కావాలి. గొట్టం కారుతోంది."

"వాడిన టేపా?"

"మా ఆయన కూడా వాడినవాడే నాన్నా. కూర్చో. సూది తీసుకో."

కూర్చున్నాను. సూది తీసుకున్నాను. ముందు లోపలికి నెట్టాలి.

తేదీ గుర్తులేదని సోమవారం రాశాను. సెప్టెంబరు 18, బుధవారం. ప్రాక్టీసు పుస్తకంలో నా చేతిరాతతో ఉంది. ఇంటికొచ్చాక సంచిలోంచి తీసి ఎదురుగా పెట్టుకున్నాను. ఇక్కడికి ఎక్కించుకుంటున్నాను:

"జివ్కా గారికి పన్ను నొప్పి. రాంకో మాస్టరు అనుమతితో తొమ్మిదింటినుంచి ఒంటిగంట వరకూ వైద్యుడి దగ్గరికి వెళ్ళారు. టెస్టు టేబులు మరమ్మతులో ఉన్నందున కట్టలు నేరుగా లారీ ఎక్కాయి. ఆరు గళ్ళ కనెక్టర్లు 214 నేనొక్కదాన్నే నింపి, టేపు చుట్టాను. మాస్టరు మెచ్చుకున్నారు."

కింద పిన్ని సంతకం. మత్తు దిగని దవడతో, చదవకుండా పెట్టింది.

ఆ రోజు నాకు ఎంత గర్వంగా ఉందో. పిన్ని బుగ్గ పట్టుకుని వెళ్ళడమా మానడమా అని ఊగిసలాడుతుంటే "మీరు వెళ్ళండి, నాకు వచ్చు" అన్నది నేనే. రాంకో మాస్టరు "వెళ్ళు, పిల్ల చేసేస్తుంది, రెండింటికి లారీ" అన్నారు. నేను కనెక్టరుని నావైపు తిప్పి పెట్టుకున్నాను, అంకెలు ముందువైపే బాగా కనబడతాయని. ఒకటి, రెండు, మూడు అని పాడుకుంటూ నింపాను. ప్రతి పిన్నూ టిక్కుమంది. తప్పు గడిలో కూడా సరిగ్గా అలాగే టిక్కుమంటుంది.

పెట్టెలు వచ్చిన రోజే నాకు తెలుసు. మాస్టరు తోకపట్టుకుని ఎత్తినప్పుడు నేను చూసింది కనెక్టరుని కాదు, టేపుని. అది అటునుంచి తిరిగి ఉంది. మా షిఫ్టులో ఎడమచేతివాళ్ళెవరూ లేరు, నేను తప్ప. ఇదే పుస్తకంలో, ఎవరూ చదవని పుస్తకంలో, "చేసినవాళ్ళకి బుర్ర ఎక్కడుందో" అని రాశాను. ఎవర్ని మోసం చేద్దామని రాశానో.

చెప్పేస్తే? నన్ను ఒంటరిగా వదిలి వెళ్ళినందుకు పిన్నినే మళ్ళీ తప్పుపడతారు. కాబట్టి చెప్పకపోవడమే ఆవిడకి మంచిది.

పై రెండు వాక్యాలు మళ్ళీ చదివాను. వెనక పేజీల్లో ఉన్న మూడు మాటల్లో ఏదీ వీటికి సరిపోదు. వెళ్ళమన్నది మాస్టరు. పరీక్షించకుండా పంపిందీ మాస్టరే. ఆ రెండూ రాసి ఉన్నది ప్రపంచంలో ఒక్క చోటే, అది నా ఎదురుగా ఉంది.

అక్టోబరు 17, గురువారం

పది గంటల విరామంలో రాంకో మాస్టరు కాగితం తెచ్చి పిన్ని ముందు పెట్టారు. తేదీ ఆయనే నింపారు. "రేపు పొద్దున ఏడింటికి ఆఫీసువాళ్ళొస్తారు. వాళ్ళ ముందు సంతకం. ఇప్పుడు చదువుకో, తర్వాత తెలియలేదనకు," అని వెళ్ళిపోయారు.

పిన్ని కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు ఆనించి నెమ్మదిగా చదివింది. పెదాలు కదులుతున్నాయి. ఏమరుపాటు దగ్గర వేలు ఆగింది. గోటి కింద జిగురు, నా గోళ్ళలాగే. నేను సగం తిన్న బూరెక్ రొట్టెని పొట్లం కట్టేశాను.

పిన్ని కాగితం మడిచి, అద్దాలు తీసి, నావైపు చూసింది.

"ఇది రాంకో రాసింది కాదు. ఆయనకిన్ని మాటలు రావు."

నేను బల్లకేసి చూశాను.

"బాగా రాశావు నాన్నా. నేను చేసి ఉంటే ఇంత చక్కగా తప్పు చేసేదాన్ని కాదు."

ఎగతాళి కాదు. అదే భరించలేకపోయాను. ఎగతాళి చేసి ఉంటే కోపమైనా వచ్చేది.

"పిన్నీ, ఆ టేపు..."

"టేపు సంగతి అయిపోయినట్టే. విప్పనివి ఇంకా తొమ్మిది కట్టలున్నాయి. అవి రేపు పొద్దున్నే నేను త్వరగా వచ్చి విప్పేస్తాను."

"మీ ఒప్పందం?"

"నీకు పదిహేడేళ్ళు. ఇక్కడ ప్రాక్టీసు పోతే స్కూల్లో ఏడాది పోతుంది. నేను ఇంట్లో కూర్చుంటాను, పోయేదేముంది. పంటికోసం వెళ్ళాను కదా ఆ రోజు. పన్ను పోయింది, నొప్పి మాత్రం పోలేదు." దవడ మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "నవ్వు మరి. గోర్దానా అంటే నవ్వుతావు, నేనంటే నవ్వవు."

నేను నవ్వలేదు. ఎనిమిది రోజులుగా నాలుకలు లేపుతూ కూర్చున్నాను, నా నోట్లోది మాత్రం అలాగే పడుకుని ఉంది. సైరను మోగింది. పనిలోకి వెళ్ళాం. ఆ తర్వాత, అప్పటికే టేపు విప్పి ఉన్న కట్టల్లోంచి నలభై పిన్నులు తీశాను. ఒకటి కూడా పాడవలేదు. నా చేతులు అంత నిలకడగా ఉండటం చూస్తే నామీద నాకే కంపరం పుట్టింది.

రేపు. వరసగా రాసుకుంటే తప్ప చేయను, నా సంగతి నాకు తెలుసు.

మామూలుగా నేను ఏడింటికి వెళ్తాను, రేపు పని మొదలయ్యే ఆరింటికల్లా వెళ్ళాలి. అయిదూ పది బస్సు. పిన్ని త్వరగా వచ్చినా ఎక్కేది అయిదున్నర బస్సు, కాబట్టి ఆవిడకన్నా ముందు టేబులు దగ్గరుంటాను. తొమ్మిది కట్టలున్న పెట్టె తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. ఆవిడ అడిగినా ఇవ్వను. అరిచినా ఇవ్వను.

ఏడింటికి ఆఫీసువాళ్ళు వచ్చాక, పిన్ని పెన్ను తీసేలోపల లేస్తాను. ప్రాక్టీసు పుస్తకం రాంకో మాస్టరు చేతికి ఇవ్వకూడదు, ఇస్తే తిరిగి రాదు. సెప్టెంబరు 18 పేజీ నేనే చదువుతాను, గోర్దానాకి కూడా వినబడేట్టు. కొత్త మాటలేవీ చేర్చకూడదు. ఉన్నది ఉన్నట్టే.

ఎవరైనా రాయొచ్చు ఇలాంటివి అని ఆయన అంటారు. పుల్ల తీయకుండానే అంటారు. అప్పుడు ఇక మాట్లాడను. పెట్టెలోంచి ఒక కట్ట తీసి బల్లమీద పెడతాను. పక్కన టేపు చుట్టని ఖాళీ కట్ట పెడతాను. వాళ్ళందరి ముందూ ఎడమచేత్తో దానికి టేపు చుడతాను, నెమ్మదిగా, చివరిదాకా.

టేపు అక్కడ దొరుకుతుందో లేదో. ఇంట్లో ఉన్న చుట్ట ఇప్పుడే సంచిలో వేసుకోవాలి.